మిలటరీ బ్యాండు: గేటు దగ్గర అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మా నాన్నగారు మిలటరీ బ్యాండులో యుఫోనియం (పెద్ద ఇత్తడి బాకా) వాయించేవారు. రిటైరయ్యాక సికింద్రాబాద్ తిరుమలగిరి దగ్గర ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయాం. తెల్లవారకముందే కంటోన్మెంటు వైపు నుంచి బ్యూగుల్ వినపడేది, మా ఇంట్లో అదే అలారం. ఇప్పుడు నేను ఆదివారాలు చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి సైడ్ డ్రమ్, క్లారినెట్ నేర్పుతున్నాను. పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మానాన్నలూ తాతయ్యలూ గేటు దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలే ఇవన్నీ. ఒకే జవాబు పదిమందికి పదిసార్లు చెప్పలేక ఇలా రాసి పెట్టాను.

సైన్యానికి బ్యాండు ఎందుకండీ? తుపాకులు చాలవా?

బ్యాండు మొదటి పని కాళ్లు కలపడం. తొమ్మిది వందల మంది ఒకే అడుగు వేయాలంటే కేకేసి చెబితే కుదరదు. కేక వందమందికి వినపడుతుంది, ఆ తర్వాత గాలికి పోతుంది. బాస్ డ్రమ్ దెబ్బ అలా కాదు. అది చెవికంటే ముందు కడుపులో తగులుతుంది, కాలు దానంతట అదే లేస్తుంది.

రెండో పని గౌరవం. రాష్ట్రపతి వచ్చినా, విదేశీ అతిథి వచ్చినా, జెండా ఎగిరినా, జవాను శవపేటిక మీద జెండా కప్పినా అక్కడ మాటలు తక్కువ, వాద్యం ఎక్కువ. ఇక మూడోది జనం దగ్గరికి వెళ్లడం. ఫిరంగిని చూసి పిల్లలు దూరం జరుగుతారు, బ్యాండు కనపడితే దగ్గరికి పరిగెత్తుకొస్తారు. ట్యాంక్‌బండ్ మీద వాయించిన రోజు ఐస్‌క్రీం బండ్లవాళ్లు కూడా బేరం ఆపి వినడం నేను చూశాను.

పూర్వం యుద్ధంలో ఈ వాద్యాలు నిజంగా పనికొచ్చేవా, లేక ఊరికే ఊపు కోసమా?

పనికొచ్చేవి. అప్పట్లో వైర్‌లెస్ లేదు. అప్పటి తుపాకీమందు పేలితే మైదానమంతా పొగ. సేనాపతి చెయ్యి ఊపినా కనపడదు, అరిచినా వినపడదు. ముందుకు పదమనీ, వెనక్కి రమ్మనీ, కాల్పులు ఆపమనీ చెప్పడానికి డ్రమ్మూ బ్యూగులే దిక్కు. ఒక్కో ఆజ్ఞకి ఒక్కో పలుకు. ఆ పలుకు తప్పితే ప్రాణాలు పోయేవి. అందుకే బ్యూగులర్ అధికారి పక్కనే ఉండేవాడు.

మనకిది కొత్తేం కాదు. రణభేరి, కాహళం, నగారా అన్న మాటలు మన భాషలో ఊరికే పుట్టలేదు. హైదరాబాద్‌లో బిర్లామందిర్ ఉన్న గుట్ట పాత పేరు నౌబత్ పహాడ్. మొఘలుల కాలంలో అక్కడ నగారా మోగించి ఫర్మానాలు చదివేవారని పెద్దలు చెబుతారు. ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేస్తారు కదా, అదే పద్ధతి.

ఐరోపా బ్యాండుల్లోకి బాస్ డ్రమ్, తాళాలు వచ్చింది టర్కీ నుంచి. ఒట్టోమన్ సుల్తానుల సైన్యంతో నడిచే మెహ్తర్ మేళాల మోత విని, పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి రాజులు ఆ వాద్యాల్ని తెచ్చుకున్నారు. ఆంగ్లేయుల వెంట అవి మన కంటోన్మెంట్లకి చేరాయి. అంటే ఆసియా వాద్యం ఐరోపా చుట్టి వచ్చి సికింద్రాబాద్‌లో దిగిందన్నమాట.

సైనిక సంగీత ప్రదర్శనని 'టాటూ' అంటారు. దానికీ పచ్చబొట్టుకీ ఏ సంబంధమూ లేదు. డచ్చి దేశాల్లో సాయంత్రం డ్రమ్మరు వీధుల వెంట తిరుగుతూ, సారాయి కొట్ల వాళ్లు పీపాల కుళాయిలు కట్టేయాలని డప్పు కొట్టేవాడు. సిపాయిలు అప్పుడు బుద్ధిగా బ్యారక్‌లకి తిరిగేవాళ్లు. 'కుళాయి కట్టు' అనే డచ్చి మాటే అరిగి అరిగి ఆ పేరయింది. ఎడిన్‌బరోలో 1950 నుంచి అంత గొప్పగా జరుగుతున్న పండుగ పేరు వెనక ఉన్నది కల్లు దుకాణం టైమింగే!

బ్యూగుల్‌కి మీటలే ఉండవు. మరి పాట ఎలా వస్తుంది?

మీటలూ లేవు, రంధ్రాలూ లేవు. పెదవులు బిగించడం, వదలడం, అంతే. దాంట్లో పలికేవి మన లెక్కలో స, గ, ప మూడే. కింది షడ్జమం, పంచమం, పై షడ్జమం, గాంధారం, మళ్లీ పంచమం, ఇలా ఐదు మెట్లు. పొద్దున లేపే రెవేలీ నుంచి సూర్యాస్తమయం రిట్రీట్ వరకు, చనిపోయినవారి కోసం మోగే లాస్ట్ పోస్ట్ దాకా అన్నీ ఆ మూడు స్వరాల్లోనే. మూడు స్వరాలతో కళ్లనీళ్లు తెప్పించడం ఎలాగో తెలియాలంటే లాస్ట్ పోస్ట్ ఒకసారి వినండి.

కంటోన్మెంటులో రిట్రీట్ మోగి జెండా దిగుతున్నప్పుడు మీరు నడుస్తుంటే ఆగి నిలబడండి. సైకిలైతే దిగండి. ఎవరూ కొట్టరు, తిట్టరు. కానీ చుట్టూ అందరూ రాయిలా నిలబడి మీరొక్కరే నడుస్తుంటే మీకే సిగ్గేస్తుంది. నాకు ఎనిమిదేళ్ల వయసులో అయింది ఆ అనుభవం, చేతిలో పాల క్యానుతో.

బ్యాండువాళ్లు నిజం సిపాయిలేనా, లేక కళాకారులా?

సిపాయిలే. నాయక్, హవల్దార్, సుబేదార్, అందరికీ ఉన్న ర్యాంకులే వీళ్లకీ ఉంటాయి. యుద్ధం వస్తే వాద్యాలు స్టోర్‌లోకి వెళతాయి, వీళ్ల చేతుల్లోకి స్ట్రెచర్లు వస్తాయి. గాయపడినవారిని మోసుకురావడం, ప్రథమ చికిత్స చేయడం బ్యాండు మనుషుల యుద్ధకాలపు పని. మా నాన్నగారు కట్టు కట్టడంలో మా వీధి కాంపౌండరుకి కూడా తప్పులు చెప్పేవారు. యుఫోనియం గురించి అడిగితే రెండు మాటలు చెప్పేవారు, రక్తం ఆపడం గురించి అడిగితే గంటసేపు చెప్పేవారు.

వాయిస్తూనే యుద్ధంలోకి దిగినవాళ్లూ ఉన్నారు. 1915లో ఫ్రాన్స్‌లోని లూస్ యుద్ధంలో విషవాయువు మధ్య కందకం గట్టు మీద నిలబడి బ్యాగ్‌పైప్ ఊదిన డేనియల్ లెయిడ్‌లాకి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. 1944 జూన్ 6న నార్మండీలో స్వోర్డ్ బీచ్ మీద బిల్ మిలిన్ తుపాకీ లేకుండా పైప్ ఊదుకుంటూ నడిచాడు. ఆయన్ని ఎందుకు కాల్చలేదని తర్వాత అడిగితే, పిచ్చివాడనుకున్నామని జర్మన్ సిపాయిలు చెప్పారట.

బ్రాస్ బ్యాండు, పైప్ బ్యాండు: తేడా ఏమిటి?

బ్రాస్ బ్యాండులో ట్రంపెట్, ట్రాంబోన్, యుఫోనియం, ట్యూబాతో పాటు క్లారినెట్, ఫ్లూట్, శాక్సోఫోన్ కూడా ఉంటాయి. పేరుకి ఇత్తడి బ్యాండు, సగం చెక్క. శాక్సోఫోన్‌ని అడాల్ఫ్ శాక్స్ అనే బెల్జియం ఆయన తయారుచేసి 1846లో పేటెంటు తీసుకున్నాడు. మిలటరీ బ్యాండుల్లో చెక్క వాద్యాల మెత్తదనానికీ ఇత్తడి జోరుకీ మధ్య ఉన్న ఖాళీ పూడ్చాలన్నది ఆయన ఆలోచన. ఆ తర్వాత అది నైట్‌క్లబ్బులకీ, అక్కడి నుంచి మన కర్ణాటక కచేరీలకీ వెళ్లింది.

పైప్ బ్యాండులో బ్యాగ్‌పైపులూ డ్రమ్ములే. గూర్ఖా, గఢ్వాల్, కుమావూ, సిక్కు రెజిమెంట్లకి ఇవి ప్రాణం.

బ్యాగ్‌పైప్ అంటే స్కాట్లండ్‌ది కదా, మనకెందుకు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లని నేను తిరిగి ఒకటే అడుగుతాను: తిత్తి చూశారా? మేకతోలు సంచి, దానికో గొట్టం, చంకలో పెట్టుకుని నొక్కితే ఆగకుండా శ్రుతి. మన పాత ఆటల్లో, భాగవతుల మేళాల్లో శ్రుతికి వాడిందే. బ్యాగ్‌పైప్ కూడా అంతే, కాకపోతే దానికి పాట పలికే గొట్టం అదనం.

వాయించేవాడి పక్కన నిలబడి చూస్తే సంగతి తెలుస్తుంది. ఎడమ చంకలో సంచి. నోట్లో ఊదే గొట్టం. భుజం మీదుగా పైకి లేచే మూడు డ్రోన్లు, అంటే శ్రుతి గొట్టాలు, వాటిలో ఒకటి పొడుగు, రెండు పొట్టి. అవి షడ్జమాన్ని వదలవు. వేళ్ల కింద చాంటర్, అంటే పాట పలికే గొట్టం, దానికి తొమ్మిది స్వరాలు. ముందు సంచి నింపి, అరచేత్తో ఒక్క చరుపు చరిచి, మోచేత్తో నొక్కగానే డ్రోన్లు గురగురమని లేస్తాయి. ఒకసారి లేచాక చాంటర్‌ని మధ్యలో ఆపడం ఉండదు, మెల్లగా వాయించడం కూడా ఉండదు. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో రెప్పపాటు ఇంకో స్వరం తగిలించి విడగొట్టాలి. మనవాళ్లు గమకమంటే ఏమిటో తెలిసినవాళ్లు కాబట్టి ఇది తొందరగా పట్టుకుంటారు. ఇంకో చిత్రం: చాంటర్ స్వరవరస దాదాపు మన హరికాంభోజి రాగం. మోహన అందులో చక్కగా ఇమిడిపోతుంది. కొండప్రాంతాల జానపదాలు బ్యాగ్‌పైప్ మీద అంత సహజంగా పలకడానికి కారణం ఇదే అని నా నమ్మకం.

ముందు కర్ర తిప్పుతూ నడిచే ఆయన వాయించడేం?

ఆయన డ్రమ్ మేజర్. ఆ కర్ర పేరు మేస్. బ్యాండు వెనక ఉంటుంది కాబట్టి ఆయన మొహం వాళ్లకి కనపడదు, మాట వినపడదు. మేస్ పైకెత్తితే ఒక అర్థం, అడ్డంగా పెడితే ఇంకో అర్థం: ఆగండి, వెనక్కి తిరగండి, ఈ పల్లవితో ముగించండి. గాల్లోకి విసిరి పట్టుకోవడం జనం కోసం. పట్టు తప్పితే ఏమవుతుందని పిల్లలు అడుగుతారు. వంగి తీసుకోకుండా నడిచి వెళ్లిపోవడమే, ఇంకేం చేస్తాడు!

అంతమంది కాళ్లు ఒక్కసారే ఎలా పడతాయి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే.

తేజ్ చల్ అంటే నిమిషానికి 120 అడుగులు. సెకనుకి రెండు. బాస్ డ్రమ్ గట్టి దెబ్బ ఎడమకాలిది. కొత్తగా చేరిన కుర్రాడికి నేర్పేది ఒక్కటే, 'ఢాం' అన్నప్పుడు ఎడమ మడమ నేల మీద ఉండాలి. కాళ్లు రెండే కాబట్టి మార్చ్ లెక్క కూడా రెండే.

అయితే శబ్దానికి వేగం ఉంది కదా. సెకనుకి దాదాపు 340 మీటర్లు. అర సెకనులో 170 మీటర్లు. అంటే బ్యాండుకి 170 మీటర్ల దూరంలో ఉన్న వరసకి ఎడమకాలి దెబ్బ చేరేసరికి ఇక్కడ కుడికాలు పడిపోతుంది! రెండు వరసలూ వినపడిన దానికి తగ్గట్టే నడిచినా ఒకరికి ఎడమ, ఒకరికి కుడి. ఎవరి తప్పూ లేదు, గాలిది తప్పు. అందుకే పెద్ద పరేడ్‌లో బ్యాండుని ఓ మూల నిలబెట్టరు. మైదానం మధ్యలో, వందన వేదికకి ఎదురుగా ఉంచుతారు. ఢిల్లీ కర్తవ్యపథ్ లాంటి పొడవాటి దారిలోనైతే దళాల మధ్యలో విడివిడిగా బ్యాండులు నడుస్తాయి.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. కొన్నేళ్ల కిందట సిటీలో ఒక స్కూలువాళ్లు ఆగస్టు 15కి పిల్లల మార్చ్‌పాస్ట్ నేర్పమని పిలిచారు. నెల రోజులు చెమటోడ్చాం. ఆ రోజు పొద్దున వెళ్లి చూస్తే, ఫొటోలకి అడ్డమని మా డ్రమ్ముల్ని గ్రౌండు చివర చెట్టుకింద పెట్టి, మైకు తగిలించి, స్పీకర్లు రెండో చివర పెట్టారు. పిల్లలకి చెట్టు దగ్గరున్నప్పుడు డ్రమ్ము, మధ్యలోకి వచ్చేసరికి డ్రమ్మూ స్పీకరూ రెండూ, ఒకదాని వెనక ఒకటి. మూడో వరస నుంచి గందరగోళం. ముఖ్య అతిథి ముందుకి వచ్చేసరికి మా పిల్లలు నడవడం లేదు, గెంతుతున్నారు. అందరూ పిల్లల్నే తిట్టారు. టెన్షన్‌తో ఒక పాప ఏడ్చేసింది. ఆ రాత్రి కూర్చుని అర సెకనుకి శబ్దం ఎంత దూరం పోతుందో లెక్క వేశాను. అప్పటి నుంచి ఎవరు పిలిచినా ముందు గ్రౌండు కొలుస్తాను, తర్వాతే ఒప్పుకుంటాను.

తీన్మార్‌కి మార్చ్ చేయొచ్చా?

ఈ ఊళ్లో ఇది అడగకపోతేనే ఆశ్చర్యం. కుదరదు. పేరులోనే మూడు దెబ్బలున్నాయి, నడుము ఊగుతుంది కానీ కాళ్లు వరసలో పడవు. కానీ చుట్టరికం మాత్రం ఉంది. తీన్మార్ పుట్టింది మర్ఫా అనే డప్పుల మేళం నుంచి. మర్ఫా మన ఊరికి వచ్చింది నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల ద్వారా. ఏసీ గార్డ్స్ అన్న పేటకి ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్లే వచ్చింది. ఇంకో పేట బార్కస్ అంటే బ్యారక్స్. కాబట్టి మీ అబ్బాయి బరాత్‌లో ఎగురుతున్నది ఒక రకంగా మిలటరీ సంగీతానికే.

పెళ్లి బ్యాండువాళ్ల కోటు చూడండి, భుజాల మీద జరీ కుచ్చులు, ఛాతీ మీద తాళ్లు, టోపీకి ఈకలు. అవన్నీ పాత రెజిమెంటు బ్యాండుల నకలే. వాళ్ల క్లారినెట్టూ యుఫోనియమూ చాలావరకు మీరట్‌లో తయారైనవి, ఆ ఊరు బ్యాండు వాద్యాలకి పెట్టింది పేరు. నాన్నగారు పెళ్లి బ్యాండు ఎదురైతే పక్కకి తప్పుకుని, యుఫోనియం వాయించేవాడికి చిన్న సలాం కొట్టేవారు.

శిక్షణ ఎక్కడ ఇస్తారు?

మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో. అక్కడ ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ కేంద్రంలో మిలటరీ మ్యూజిక్ వింగ్ ఉంది. బ్యాండ్‌మాస్టర్లు అక్కడే తయారవుతారు. పొరుగు దేశాలవాళ్లూ వచ్చి నేర్చుకుంటారు.

అసలు సైన్యానికి సంగీతం బడి ఎందుకన్నదానికి ఒక కథ ఉంది. 1854లో క్రిమియా యుద్ధానికి బయలుదేరిన బ్రిటిష్ సేన టర్కీలోని స్కుటరీలో విడిది చేసింది. విక్టోరియా రాణి పుట్టినరోజు పరేడ్. అన్ని రెజిమెంట్ల బ్యాండులూ కలిసి వాళ్ల జాతీయగీతం ఎత్తుకున్నాయి. ఒక్కొక్కరిదీ ఒక్కో శ్రుతి, ఒక్కో వరస. మిత్రదేశాల సేనాపతుల ఎదురుగా పరువు పోయింది. ఆ అవమానం తర్వాతే 1857లో లండన్ దగ్గర నెల్లర్ హాల్‌లో మిలటరీ సంగీత పాఠశాల పెట్టారు. అందరికీ ఒకే శ్రుతి ఉండాలన్న చిన్న సంగతి తెలుసుకోవడానికి అంత ఖర్చయింది.

వాళ్లు వాయించేవన్నీ ఇంగ్లీషు ట్యూన్లేనా?

ఒకప్పుడు చాలావరకు అంతే. ఇప్పుడు కాదు. 'కదమ్ కదమ్ బఢాయే జా' బాణీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లోని కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకూరీది, ఇవాళ మన సైన్యం క్విక్ మార్చ్‌లలో అది ముఖ్యమైనది. అదే ఫౌజ్ తన జాతీయగీతంగా పాడుకున్న కౌమీ తరానాకి, జనగణమన బాణీ మీద మాటలు కూర్చినవారిలో మన హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీ ఒకరు. 'జై హింద్' నినాదం ఆయనదేనని చెబుతారు.

ఇచ్చిపుచ్చుకోవడం పాతదే. మద్రాసు కోటలో ఆంగ్లేయుల బ్యాండు వాయించిన ట్యూన్లు విని ముత్తుస్వామి దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు, నొట్టుస్వరాలని మన సంగీతం టీచర్లు పిల్లలకి నేర్పేవి అవే. 'సంతతం పాహిమాం' బాణీ బ్రిటిష్ జాతీయగీతానిదే. నా దగ్గరికి వచ్చే పిల్లలకి మొదటి ట్యూన్ నేను నొట్టుస్వరమే చెబుతాను. ఇంట్లో నాయనమ్మ గుర్తుపట్టి కలిసి పాడుతుంది, బ్యాండు ట్యూన్ అని ఆవిడకి తెలియదు!

జనగణమన ఎంతసేపు వాయించాలి?

పూర్తిగా దాదాపు 52 సెకన్లు. మొదటి, చివరి పంక్తులతో చిన్న రూపం దాదాపు 20 సెకన్లు, అది మెస్ విందుల్లో వాయిస్తారు. బ్యాండ్‌మాస్టర్లు ఆ 52 సెకన్లని వాచీ పెట్టుకుని సాధన చేయిస్తారు. 1919లో రవీంద్రుడు మన మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు అక్కడి ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ సాయంతో ఈ పాటకి స్వరలిపి రాసుకున్న సంగతి పిల్లలకి చెప్పండి.

బీటింగ్ రిట్రీట్ అంటే ఓటమా? వెనక్కి తగ్గడమా?

కాదండీ. సూర్యుడు కుంగాక యుద్ధం ఆపి, డ్రమ్ము కొట్టి బయట ఉన్నవారిని శిబిరానికి పిలిచే పాత పద్ధతి. మన దగ్గర ఏటా జనవరి 29 సాయంత్రం ఢిల్లీ విజయ్‌చౌక్‌లో జరుగుతుంది. 1950ల తొలినాళ్లలో మేజర్ రాబర్ట్స్ అనే మన సైనికాధికారి దానికి ఈ రూపం ఇచ్చారు. గాంధీగారికి ఇష్టమైన క్రైస్తవ గీతం 'అబైడ్ విత్ మీ' ఏళ్లతరబడి అందులో ఉండేది. 2022లో దాన్ని తీసేసి 'ఐ మేరే వతన్ కే లోగో' పెట్టారు. మన ట్యూన్లు రావడం నాకు సంతోషమే. కానీ ఆ గీతం చివర దూరంగా గంటలు జవాబిచ్చేవి, అది మాత్రం నాకు లోటే. ముగింపు ఇక్బాల్ 'సారే జహాఁ సే అచ్ఛా'తో.

హైదరాబాద్‌లో ఎక్కడ వినొచ్చు?

దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో మామూలుగా జూన్, డిసెంబర్ నెలల్లో జరిగే గ్రాడ్యుయేషన్ పరేడ్ అన్నిటికంటే గొప్పది. ఆహ్వానం ఉండాలి, లేకపోతే టీవీలో చూడండి. చివర్లో కొత్త ఆఫీసర్లు రెండు వరసల్లో ధీరే చల్‌లో, అంటే నిదాన నడకలో, నడిచి వెళతారు, జూనియర్లు సెల్యూట్ చేస్తారు, బ్యాండు రవీంద్రుడి 'ఆనందలోకే' వాయిస్తుంది. డెహ్రాడూన్ మిలటరీ అకాడమీలో ఆ చోట స్కాటిష్ పాట ఉంటుంది, దుండిగల్‌లో బెంగాలీ పాట. చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు ఏడవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

గోల్కొండ కోటలో జెండా పండగ రోజు వినపడేది ముఖ్యంగా పోలీసు బ్యాండు. దాన్నీ తీసిపారేయకండి, బాగా వాయిస్తారు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ పక్కన వీరుల సైనిక స్మారకం దగ్గర పుష్పాంజలి ఘటించే రోజుల్లో బ్యూగుల్ వినొచ్చు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్ ఈఎంఈ (సైన్యపు యంత్రాల విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) సెంటర్ల చుట్టుపక్కల ఉండేవాళ్లకి రిహార్సల్ ఉచితం, మేడ మీదికెక్కితే చాలు.

మా అబ్బాయికి కీబోర్డు బాగా వచ్చు. చేరగలడా?

అమ్మాయైనా అడగొచ్చు. అగ్నిపథ్ పథకంలో వాయుసేన, నౌకాదళం విడిగా మ్యుజీషియన్ల కోసం ప్రకటనలు ఇస్తున్నాయి. పదో తరగతి పాసై, శరీర దారుఢ్యం ఉండి, వాద్యం చేతికి వచ్చి ఉండాలి. తాళం తప్పకపోవడం, శ్రుతి పట్టడం పరీక్షిస్తారు. స్వరలిపి తెలిసుండడం ముఖ్యం. కాలపరిమితి నాలుగేళ్లు. వయసు, వాద్యాల జాబితా ఎప్పటికప్పుడు ప్రకటనలోనే చూసుకోండి, గేటు దగ్గర విన్నమాట నమ్మి కోచింగ్‌కి డబ్బు కట్టకండి. పరుగు మాత్రం ఇవాళే మొదలుపెట్టించండి. సంగీతంలో పోయేవాళ్లకంటే పరుగులో పోయేవాళ్లే ఎక్కువ, నేను చూసినంతలో.

ఆడవాళ్లు వాయిస్తారా?

వాయిస్తున్నారు. 2024 గణతంత్ర పరేడ్‌ని మొదలుపెట్టిందే వందమంది మహిళా కళాకారులు, శంఖం, నాదస్వరం, నగారాలతో. నా దగ్గర సైడ్ డ్రమ్ నేర్చుకునేవాళ్లలో బెస్ట్ హ్యాండ్ ఒక తొమ్మిదో తరగతి పిల్లది.

ఎండకీ చలికీ వాద్యాలు పాడవుతాయా?

ఇత్తడివి పాడవ్వవు కానీ అలుగుతాయి. వేడికి ఇత్తడి వాద్యం శ్రుతి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. మేలో మన దగ్గర ట్యూన్ చేసింది జనవరి ఢిల్లీ పొద్దుటికి పనికిరాదు. వాద్యం కింద చిన్న మీట నొక్కి నీళ్లు వదలడం చూసి ఉమ్మి అనుకుని మొహం చిట్లిస్తారు. అందులో ఎక్కువ భాగం ఊపిరి ఆవిరి చల్లబడి నీరైందే.

ఈ రోజుల్లో ఇదంతా దండగ ఖర్చు కాదా?

గాల్లో ఎగిరే డ్రోన్లతో యుద్ధాలు జరుగుతున్న కాలంలో ఈ ప్రశ్న న్యాయమైనదే. బ్యాండు వల్ల ఏ కొండా గెలవం. రికార్డింగు పెడితే సరిపోదా అని కూడా అంటారు. పైన చెప్పిన స్కూలు గ్రౌండులో స్పీకర్లు ఏం చేశాయో చదివారు కదా. నడిచేవాడు అడుగు తడబడితే బ్యాండు చూసి సర్దుకుంటుంది, రికార్డింగు సర్దుకోదు. విదేశీ అధ్యక్షుడు ఒక నిమిషం ఆలస్యంగా నడిస్తే బ్యాండ్‌మాస్టరు ఇంకో ఆవర్తం వేస్తాడు. 2024లో ఫ్రెంచి ఫారిన్ లీజియన్ బ్యాండు, 2025లో ఇండోనేషియా మిలటరీ అకాడమీ బ్యాండు మన గణతంత్ర పరేడ్‌లో నడిచాయి. ఒక దేశం ఆయుధం లేకుండా ఇంకో దేశపు రాజధానిలోకి తన సిపాయిల్ని పంపగలిగే పద్ధతి ఇది.

అంత్యక్రియల్లో బ్యాండు వాయించాక చప్పట్లు కొట్టొచ్చా?

వద్దు. లాస్ట్ పోస్ట్ తర్వాత మౌనం, ఆ తర్వాత రౌజ్ అనే మేలుకొలుపు పలుకు. మౌనంలో దగ్గినా వినపడుతుంది.

శవయాత్ర వెళ్లేటప్పుడు డ్రమ్ముల మీద నల్లగుడ్డ కప్పుతారు, దెబ్బ మొద్దుగా వినపడటానికి. అడుగు నిదానంగా పడుతుంది. పాత ఆనవాయితీ ప్రకారం తిరిగి వచ్చేటప్పుడు గుడ్డ తీసేసి హుషారైన క్విక్ మార్చ్ వాయిస్తారు. తెలియనివాళ్లు తప్పు పడతారు. నాన్నగారు పోయినప్పుడు మాకు సైనిక లాంఛనాలేం లేవు, మామూలు దహనమే. బన్సీలాల్‌పేట శ్మశానం నుంచి ఇంటికి వస్తుంటే ఆయన పాత స్నేహితుడొకాయన, ఎనభై దాటినవాడు, నా పక్కన నడుస్తూ పెదవులతో మెల్లగా ఏదో ట్యూన్ పలికిస్తున్నాడు. లెఫ్ట్, రైట్ లెక్కకి సరిగ్గా సరిపోయింది. ఏం ట్యూనని అడగలేదు, అడుగు మాత్రం కలిపాను.